ముల్లు ఊగుతోందంటే థర్మోస్టాట్ పీకేయడమేనా?

తమ్ముడి కారులో టెంపరేచర్ ముల్లు వారం రోజులుగా ఒకచోట నిలవడం లేదు. ముప్పావు దాకా ఎక్కుతుంది, రెండు నిమిషాల్లో మళ్లీ దిగిపోతుంది. ఏళ్ల తరబడి కార్లు విప్పి బిగించిన అన్న ఒకటంటాడు, కారు కంప్యూటర్ లెక్కలు చదివే స్కానర్ చేతిలో పట్టుకున్న తమ్ముడు ఇంకొకటంటాడు.

అన్న: ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లే దారిని తెరిచి మూసే వాల్వ్ ఉంది చూడు, ఆ థర్మోస్టాట్ పట్టేస్తోందిరా. అది తెరుచుకోనంతసేపూ ఇంజిన్ వేడెక్కుతోంది, ఉన్నట్టుండి తెరుచుకోగానే రేడియేటర్‌లోని చల్లటి కూలెంట్ వచ్చి పడి ముల్లు దిగుతోంది. పీకి పక్కన పెట్టేయి, గొడవ వదిలిపోతుంది.

తమ్ముడు: పట్టేస్తూ ఉండొచ్చు, కాదనను. కానీ పీకేయడమేంటన్నా? చాలా కార్లలో 82 నుంచి 90 డిగ్రీల దగ్గర అందులోని మైనం కరిగి ఉబ్బి వాల్వ్‌ను తెరుస్తుంది, అంతవరకూ ఇంజిన్ త్వరగా వేడెక్కాలనే దాన్ని మూసి ఉంచుతారు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాదు, కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూ ఉంటుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. పైగా కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని మూసేది కూడా ఈ థర్మోస్టాటే. తీసేస్తే వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్ వైపే వెళ్లకుండా తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. వేడి తగ్గాలని చేసిన పనే వేడి పెంచుతుంది.

అన్న: సరే, కొత్తది వేయి. దాంతోపాటు కూలెంట్ వేడి కొలిచే సెన్సార్ కూడా మార్చేయి. రెండూ చిన్న సామాన్లే కదా, వారం రోజులు పరిశోధన ఎందుకు?

తమ్ముడు: ఎందుకంటే ముల్లు ఎప్పుడు కదులుతుందో చూస్తే సగం జవాబు అక్కడే ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎక్కి, కదలగానే దిగితే ముందు రేడియేటర్ ఫ్యాన్‌ను చూడాలి. స్పీడ్‌లో వెళ్తున్నప్పుడు ఎక్కితే రేడియేటర్ పూడుకుపోయిందేమో, వాటర్ పంప్ సరిగా తోయడం లేదేమో. స్పీడ్‌లో మామూలుకన్నా కిందికి పడిపోతే థర్మోస్టాట్ తెరిచే ఉండిపోయిందన్నమాట. హెడ్‌లైట్ వేయగానే ముల్లు గెంతితే అది వేడి కాదు, ఎర్త్ వైరు కనెక్షన్ సరిగా లేకపోవడం. అంత కూలెంట్ ఒక్క క్షణంలో ఇరవై డిగ్రీలు ఎలా మారుతుంది? స్కానర్ పెట్టి చూస్తే ఇంజిన్ అసలు ఎంత వేడిగా ఉందో తెలిసిపోతుంది.

అన్న: అక్కడే పొరపాటు పడుతున్నావు. నీ స్కానర్ చూపించేది కూడా ఆ సెన్సార్ చెప్పే మాటే. సెన్సార్ అబద్ధం చెబితే స్కానర్ కూడా అదే అబద్ధం చెబుతుంది. ఇంకోటి విను, ఇప్పటి చాలా కార్లలో చిన్న చిన్న తేడాలకు ముల్లు కదలకుండా నడిమిలోనే నిలిపి ఉంచుతారు. అలాంటి ముల్లే ఊగుతోందంటే నాకు టెన్షన్‌గా ఉంది.

తమ్ముడు: ఒప్పుకుంటా. అందుకే థర్మోస్టాట్ ఉండే గూడు (హౌసింగ్) మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి, అది చూపేదీ స్కానర్ చూపేదీ పోల్చాను, దాదాపు కలిశాయి. అంటే వేడి నిజంగానే మారుతోంది. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీస్తే కూలెంట్ తక్కువగా ఉంది. మలుపుల్లో, ఎత్తు ఎక్కేటప్పుడు హీటర్ నుంచి ఉన్నట్టుండి చల్లగాలి వస్తోంది. లోపల గాలి చేరిందన్నా. గాలి బుడగ అడ్డుపడ్డప్పుడు అక్కడ వేడి ఎక్కుతోంది, కూలెంట్ మళ్లీ పారగానే దిగుతోంది.

అన్న: మరి కూలెంట్ ఏమైంది? మూసి ఉన్న సిస్టమ్‌లోంచి ఊరికే తగ్గదు కదా! నింపేసి, గాలి తీసేసి చేతులు దులుపుకుంటే నెలలో మళ్లీ ఇదే కథ. హోస్‌ల దగ్గర, వాటర్ పంప్ కింద కూలెంట్ ఎండిన తెల్లటి మరక ఉందా? మూత ప్రెషర్ పట్టడం లేదా? సగం నీళ్లు సగం కూలెంట్ కలిపిన మిశ్రమం మామూలుగా 106 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఒక బార్ ప్రెషర్ నిలిపే మూత ఉంటే దాదాపు 129 దాకా ఆగుతుంది. అన్నిటికన్నా భయం హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్‌కూ దాని మీద బిగించే హెడ్‌కూ మధ్య ఉండే సీలు. సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి తోసుకొస్తే ఎన్నిసార్లు గాలి తీసినా మళ్లీ చేరుతూనే ఉంటుంది.

తమ్ముడు: అది నేను ఆలోచించలేదు. గాస్కెట్ పోయి కూలెంట్ కలిస్తే ఆయిల్ తెల్లబడుతుంది కదా, ఆయిల్ మాత్రం తెల్లగా మారలేదు, చూశాను.

అన్న: ఆయిల్ బాగుంటే గాస్కెట్ బాగున్నట్టు కాదురా. కూలెంట్ ట్యాంక్ మూతి దగ్గర పెట్టే నీలం రంగు ద్రావణం ఉంటుంది, ఇంజిన్ గ్యాస్ తగిలితే పసుపుకు మారుతుంది. ముందు లీకు పట్టే ప్రెషర్ టెస్ట్, తర్వాత అది. రెండూ సరిగా ఉంటేనే గాలి తీద్దాం.

తమ్ముడు: థర్మోస్టాట్ సంగతి?

అన్న: విప్పి వేడినీళ్లలో వేసి, పక్కన థర్మామీటర్ పెట్టి చూద్దాం. దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటే దాన్నే మళ్లీ బిగిస్తాను, పీకేయమన్న మాట వెనక్కి తీసుకుంటాను.

తమ్ముడు: రేపు పొద్దున చేద్దాం. ఇవాళ్టికి మెల్లగా నడుపుకుంటూ వెళ్లొస్తా, ఎక్కితే ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా పెడతాలే.

అన్న: అది దారిలో ఇరుక్కున్నప్పుడు పక్కకు చేరేవరకూ చేసే పని, దాన్ని నమ్ముకుని బయల్దేరతావా? ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్ వంగిపోతుంది. కూలెంట్ ఎక్కడికి పోతోందో తేలేదాకా బండి కదలదు, తాళం ఇలా ఇవ్వు.