మహారాజశ్రీ సీసీ గారి సముఖానికి

మహారాజశ్రీ సీసీ గారి సముఖానికి, నల్లగొండ పట్టణం నుంచి ఒక సాధారణ మేనమామ వినయపూర్వకంగా రాసుకునే విన్నపం ఏమనగా:

సిలిండర్‌లో పిస్టన్ కిందికీ పైకీ ఆడే మేర ఉన్న చోటును కొలిచే కొలత తప్ప తమరు మరేమీ కారని ఇంజన్ తయారుచేసేవాళ్లకు తెలుసు. మా జిల్లాలో మాత్రం ఊరి పెద్దమనుషులకు కూడా దక్కని మర్యాద తమరికి దక్కుతోంది. మొదటిసారి బండి కొనాలనుకునేవారు ఇంట్లో నోరు తెరిస్తే, కాళ్లు నేలకు అందుతాయా అని గాని, నడపడం నేర్చుకున్నావా అని గాని, రోజూ ఏ దారిన పోవాలని గాని ఎవరూ అడగరు. అందరూ అడిగేది తమరి గురించే. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమని 1961లోనే చట్టం వచ్చినా, పెళ్లి మాటల్లో పెట్టిపోతల దగ్గరికి వచ్చేసరికి "బండి ఎంత సీసీది పెడతరు?" అని గొంతు తగ్గించకుండా అడిగే వియ్యంకులను నేను చూశాను. పిల్లవాడి జీతం గురించి అంత సూటిగా అడిగినవాళ్లను చూడలేదు.

ఈ మధ్య మా అక్కగారి అమ్మాయికి తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగం వచ్చింది. హాలియా దాటి సాగర్ ఎడమ కాలువ కింది పల్లెల్లోకి పోవాలి. పొద్దున ఒక బస్సు, మాపటికి ఒక బస్సు తప్ప వేరే ఆధారం లేదు కనుక బండి కొనక తప్పలేదు. సంగతి తెలియగానే ఆమె పెద్దబాపు ఫోన్ చేసి, "ఏం బామ్మర్దీ, ఆడపిల్లకు గేర్ల బండి ఏంది, స్కూటీ ఇప్పియ్యరాదు?" అన్నాడు. అదే పెద్దమనిషి మొన్న దసరాకు ఇంటర్ తప్పిన కొడుకు కోసం రెండు వందల సీసీకి తక్కువైతే పరువు పోతుందని షోరూంల చుట్టూ తిరిగాడు. ఆ పిల్లవాడు రోజూ పోయేది మూలమీది టీ కొట్టు దాకా, మా అమ్మాయి పోవలసింది గుంతలు పడిన రోడ్ల మీద ఊరూరికీ. స్కూటర్లకు పది, పన్నెండు అంగుళాల చక్రాలుంటాయి గనుక గుంతలో దిగినప్పుడు పద్దెనిమిది అంగుళాల చక్రమున్న మామూలు మోటార్ సైకిల్ కంటే ఎక్కువ ఎగిరిపడతాయి. అయినా తమరి దర్బారులో కొలువులు పంచేది దారిని చూసి కాదు, ఆడా మగా చూసి అని నాకు అప్పుడు అర్థమైంది.

తమరిని బట్టే బండి బలం తెలుస్తుందనే నమ్మకం కూడా ఊళ్లలో గట్టిగా ఉంది. 349 సీసీల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇచ్చే శక్తి సుమారు ఇరవై హార్స్‌పవర్. 199.5 సీసీల కేటీఎం డ్యూక్ 200 ఇచ్చేది దాదాపు పాతిక. అంటే తమరు సగానికి కొంచెం మాత్రమే ఎక్కువున్న చోట బలం ఎక్కువుంది. ఇంజన్ ఎంత వేగంగా తిరిగేటట్టు కట్టారు, ఏ పనికోసం కట్టారు అనేదాన్ని బట్టి శక్తి మారుతుంది. అందుకే కొత్తగా నేర్చుకునే పిల్లవాడు "చిన్న సీసీయే కదా" అనుకొని అలాంటి బండి ఎక్కి, రైజింగ్ కొంచెం ఎక్కువ తిప్పి, ముందున్న ఆటోను గుద్దినా తమరు సాక్ష్యానికి రారు.

షోరూంలో జరిగింది కూడా తమరికి విన్నవించాలి. అక్కడి కుర్రవాడు మా అమ్మాయిని చూసి ముందు రంగులు చెప్పాడు, తర్వాత ఈఎంఐ చెప్పాడు, ఆ తర్వాత "ఆఫర్ ఉంది మేడం" అంటూ 195 కిలోల బండి చూపించాడు. ఆమె ఎడమ చేయి హ్యాండిల్ మీద, కుడి చేయి వెనక కడ్డీ మీద వేసి, సైడ్ స్టాండ్ మీద నుంచి లేపడానికి నెట్టింది. బండి నిటారుగా లేచింది గాని, అరడుగు వెనక్కి జరిగేసరికి అవతలి పక్కకు ఒరగబోయింది. కుర్రవాడు పరుగున వచ్చి పట్టుకున్నాడు. తర్వాత ఆమె ఎక్కి కూర్చుంటే కాలి వేళ్లు నేలకు ఆనాయి, మడమలు ఆనలేదు. "రోడ్డెక్కినంక బరువు తెల్వది మేడం" అని అతను ధైర్యం చెప్పాడు. అది నిజమే. "రోడ్డెక్కకముందే కదా అన్నా, పడేది" అని ఆమె దిగిపోయింది. కొత్తవాళ్ల బండ్లు ఎక్కువగా పడేది వేగంలో కాదు, ఇంటి ముందు మళ్లించేటప్పుడు, పెట్రోల్ బంకు వరుసలో, ఎత్తుపల్లాల దగ్గర ఒక కాలు గాలిలో మిగిలినప్పుడు. పక్కనే ఉన్న స్ప్లెండర్ 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. రెండు బండ్ల బరువుల మధ్య తేడా 83 కిలోలు, అది మా అమ్మాయి బరువు కంటే ఎక్కువ. ఆమె దాన్ని ఎడమకు వంచి మళ్లీ నిలబెట్టింది, రెండు వేళ్లతో క్లచ్ నొక్కి వదిలింది, షోరూం ముందరి ఇరుకు జాగాలో నెట్టుకుంటూ ఒక చుట్టు తిప్పింది. తమరి అంకె ఎంతని ఒక్కసారి కూడా అడగలేదు. తమరికి ఇంత అవమానం జరగడం నా కళ్లారా చూశాను.

ఇక దారి సంగతి. కోతలయ్యాక హాలియా, త్రిపురారం, నిడమనూరు రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. అంచున రాళ్లు పేరుస్తారు, రాత్రి నల్ల పరదా కప్పి దాని మీద మరిన్ని రాళ్లు పెడతారు. కల్లాలు చాలవు, కొనుగోలు కేంద్రంలో తేమ తగ్గనిదే తూకం వేయరు గనుక రైతును తప్పుపట్టలేను. కాని ఆ గింజల మీద టైరుకు పట్టు ఉండదు. బండి కొంచెం ఒరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టారంటే ముందు చక్రమే జారుతుంది. గింజలు రాకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. శుభ్రమైన తారు మీద మాత్రం బరువంతా ముందుకు వాలుతుంది కనుక బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. "ముందు బ్రేకు ముట్టకు, బోర్లపడతవు" అని నేర్పే మా ఊరి గురువులు ఈ రెండు సంగతులనూ కలిపేసి పిల్లలకు సగం బ్రేకు మాత్రమే వాడడం నేర్పుతున్నారు.

తమరి పక్షాన చెప్పుకోదగిన మాట ఒకటి ఉంది, దాచను. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకు లోపువాటికి, ఒక బ్రేకు తొక్కితే రెండోది కూడా కొంత పట్టే సీబీఎస్ చాలన్నారు. చక్రం బిగుసుకుపోయి జారకుండా కాపాడే ఆ ఏబీఎస్ నిజంగా అవసరమైనది కొత్తగా నేర్చుకునేవాళ్లకు. అది దక్కాలంటే తమరి మెట్టు ఎక్కి రావాలనడం తమరి ఘనతో, నియమం రాసినవారి ఘనతో నాకు తెలియదు.

ప్రభుత్వం దగ్గర కూడా తమరి మాట చెల్లుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అది దాటితే 40 శాతం. 2022 జూన్‌లో వచ్చిన రేట్లలో కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా 75 దాటి 150 సీసీ దాకా 3,851 రూపాయలు, అది దాటి 350 దాకా 7,365, ఆ పైన 15,117. అంటే 149.5 సీసీల బండి వదిలి 155 సీసీల బండి కొన్నవాడు, కాంపౌండరు సూదిమందు సిరంజిలో పట్టేంత చోటు కోసం 3,514 రూపాయలు ఎక్కువ కట్టాలి. ఇంత ఖచ్చితంగా తమరిని లెక్కపెట్టే ప్రభుత్వం, లైసెన్సు దగ్గర మాత్రం తమరిని పూర్తిగా మరిచిపోతుంది. ఐరోపా దేశాల్లో మొదట 125 సీసీ, తర్వాత మధ్య తరగతి, ఆ తర్వాతే పెద్ద బండి అని మెట్లున్నాయి. మన దగ్గర గేర్ల బండి లైసెన్సు ఒక్కటే. ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, తీసుకున్న ముప్పై రోజులకు పరీక్షలో వంద సీసీ బండి మీద ఎనిమిది అంకె వేసి చూపించినవారు, అదే సాయంత్రం వెయ్యి సీసీ బండి ఎక్కి జడ్చర్ల మీదుగా కర్నూలు దారి పట్టినా చట్టం అభ్యంతరం చెప్పదు.

ఆ ఎనిమిది వేసే చోటికి తమరు ఒకసారి దయచేయాలని నా మనవి. ఊళ్లో తమరి పేరు చెప్పుకొని తిరిగే మొనగాళ్లు చాలామంది, పరీక్ష రోజున సొంత బండి గేటు బయట నిలబెట్టి, స్నేహితుడి పాత వంద సీసీ బండి అడుక్కొని లోపలికి వస్తారు. మలుపులో కాలు కింద పెడితే తప్పినట్టే కదా. మా అమ్మాయి కూడా ఈ నెలాఖరుకు అక్కడికి పోతుంది, ఆమె పోయేది సొంత స్ప్లెండర్ మీదే. 150 సీసీ దాటిన బండి కొనకపోవడం వల్ల బీమాలో మిగిలిన 3,514 రూపాయలతో ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్లు రెండు కొన్నాం. ఒకటి ఆమెకు, రెండోది వెనక కూర్చోబోయే మా అక్కకు. అక్క తన జడకొప్పుకు అది పట్టడం లేదని ఇప్పటికే పేచీ పెడుతోంది గనుక, ఆ విషయంలో తమరి సిఫారసు ఏమైనా పనిచేస్తుందేమో తెలియజేయగలరు.

ఇట్లు,
తమరి విధేయుడు కాని
ఒక నల్లగొండ మేనమామ