గుట్ట నీటికి దారి వదలాలి

నల్లగొండలో గట్టి వాన గంటసేపు కురిస్తే లోతట్టు కాలనీల్లో నీళ్లు నిలుస్తాయి, మోటార్లు పెట్టి తోడిస్తారు, మోరీలను వెడల్పు చేస్తామని ప్రకటిస్తారు. లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్టల నీడన పెరిగిన ఈ పట్టణంలో ముంపునకు మూలం పైన, వాలులోనే ఉందని మేం భావిస్తున్నాం.

బండరాయిలోకి నీరు ఇంకదు. ఎకరం బండపై 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 2 లక్షల లీటర్లు, అందులో అధికభాగం నిమిషాల్లోనే కిందికి దిగుతుంది. దారిలో మట్టిని, గులకరాళ్లను కోసుకొచ్చి, వాలు తగ్గి వేగం పడిపోగానే మోరీలోనే వదిలేస్తుంది. గుట్ట మొదట్లో మొరం తవ్వినచోట ఈ బెడద మరింత ఎక్కువ. కల్వర్టు కింద అడ్డంగా వేసిన మంచినీటి పైపుకు చీరపేలికలు, ప్లాస్టిక్ సంచులు, కొమ్మలు చుట్టుకుంటే సగం దారి మూసుకుపోయినట్టే. ఎండాకాలంలో తీసిన పూడికను గట్టునే కుప్పపోస్తే తొలకరికి తిరిగి లోపలికే చేరుతుంది కనుక, మట్టిని తరలించారని చూశాకే బిల్లు చెల్లించాలి.

పెద్దచెరువు నిండి రామయ్యబౌలి ఇళ్లలోకి నీళ్లు చేరిన అనుభవం మహబూబ్‌నగర్‌ది. ఒక చెరువు అలుగు నీరు కింది చెరువుకు చేరేలా కట్టిన గొలుసులో, నడుమ కాలువ ప్లాట్లుగా మారితే ఆ నీరు వీధులనే పట్టుకుంటుంది. భవన నిర్మాణ నిబంధనలపై 2012లో వెలువడిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు ఇరువైపులా 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి, అంతకు తక్కువైతే 2 మీటర్లే. గుట్టల నుంచి దిగే పాయలు చాలావరకు ఈ రెండో కోవలోవే. ఏడాదిలో పది నెలలు ఎండి ఉండి, వాన పడ్డ గంటలో ఉరికే పాయకు 2 మీటర్లు ఏ మూలకూ సరిపోవు. ఆ హద్దును వెడల్పుతోపాటు వాలును, పైనుంచి వచ్చే నీటి పరిమాణాన్ని లెక్కగట్టి నిర్ణయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

వాలుపై అడ్డకందకాలు, రాతికట్టలు, చెట్లు నీటి ఉరవడిని తగ్గిస్తాయి. గుట్ట దిగువన మట్టి ఆగే గుంతలు తవ్వి, ప్రతి పెద్దవానకూ వాటిని ఖాళీ చేయిస్తే మోరీలకు ఊపిరాడుతుంది. ఇవి ఖరీదైన పనులు కావు. వార్డుల వారీగా కాకుండా నీరు పారే దారి వెంట సర్వే జరిపి, ఆ పటాన్ని జనం ముందుంచిన తర్వాతే పురపాలక యంత్రాంగాలు కొత్త మోరీలకు టెండర్లు పిలవాలి.