సవరణ: చేనుకు తిరిగొచ్చేది శక్తి కాదు

పోయిన వారం చెరువు పూడిక మట్టి గురించి రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. "గొర్రె తిన్న గడ్డిలోని శక్తి పెంటికల ద్వారా చేనుకు చేరి, మళ్ళీ జొన్నకు ఎక్కుతుంది" అని రాశాను. దేవరకొండ నుంచి ఒక సైన్స్ టీచరమ్మ ఫోన్ చేసి, "ఎక్కేది శక్తి కాదు బాబూ, పోషకాలు" అన్నారు. ఆమె మాటే నిజం.

చేన్లో గొర్రెల మంద పెట్టిస్తే మట్టికి దక్కేది నత్రజని, భాస్వరం, పొటాష్ వగైరా. పెంటికల్లో కొంత శక్తి ఉన్నా, దాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు, పురుగులు వాడుకుంటాయి. చివరికి అది వేడిగా గాలిలో కలిసిపోతుంది. జొన్న తన శక్తిని కొత్తగా ఎండ నుంచే పట్టుకోవాలి. (పాలమూరులో ఎండకు కొదవేముంది లెండి.)

పూడికదీ అదే కథ. వానకు చేలల్లోంచి కొట్టుకుపోయిన మెత్తటి మట్టి, దాంతోపాటే పోషకాలు, చెరువు అడుగున చేరతాయి. తెలంగాణ చెరువులను బాగుచేసేందుకు 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో రైతులు ట్రాక్టర్లతో తోలుకున్నది వాటినే. భాస్వరం విషయంలో ఇది మరీ ముఖ్యం. నత్రజనినైతే పల్లి వేళ్ళ బుడిపెల్లోని బాక్టీరియా గాలి నుంచి పట్టి ఇస్తుంది. భాస్వరానికి ఆ దారి లేదు.

ఇంకొకటి. ఆహారపు గొలుసులో, అంటే గడ్డిని గొర్రె, గొర్రెను తోడేలు తినే వరుసలో, ఒక మెట్టు నుంచి పై మెట్టుకు "సరిగ్గా 10 శాతం" శక్తి చేరుతుందన్నాను. ఆ 'సరిగ్గా' తీసేశాను. అమెరికాలో ఒక చిన్న సరస్సును పరిశీలించి రేమండ్ లిండెమన్ అనే శాస్త్రవేత్త 1942లో ప్రచురించిన పనితో ఊపందుకున్న ఆలోచన అది. 10 అనేది ఉజ్జాయింపు లెక్క, చోటును బట్టి మారుతుంది.