చెక్ పెట్టడం వేరు, ఆట కట్టించడం వేరు

"ప్రత్యర్థికి చెక్" అన్న శీర్షిక మన పత్రికల్లో కనబడితే అవతలివాడి పని అయిపోయిందనుకుంటాం. చదరంగంలో చెక్ అంటే రాజు మీదికొచ్చిన దాడి మాత్రమే. రాజును జరపొచ్చు, మధ్యలో ఇంకో పావును అడ్డం పెట్టొచ్చు, దాడికొచ్చిన పావునే చంపేయొచ్చు. (గుర్రం చెక్ ఇస్తే అడ్డం పెట్టడం కుదరదు.) ఏదీ కుదరనప్పుడే ఆట కట్టు.

ఇంగ్లీషు ఈ తేడాను నిలబెట్టుకుంది. 'కీప్ ఇన్ చెక్' అంటే అదుపులో ఉంచడమే, అంతం చేయడం కాదు. సరిచూడటానికి వాడే చెక్, బ్యాంకు చెక్కు కూడా రాజు అనే అర్థమున్న పారసీ 'షా' నుంచి వచ్చినవే. అందుకే తెలుగు అలవాటుకొద్దీ ఆఫీసులో 'వుయ్ గేవ్ ఎ చెక్ టు ద వెండర్' అంటే, వినేవాళ్లు డబ్బు చెల్లించేశామనుకుంటారు. మన పిల్లలకూ, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకూ ఇలాంటి మాటలను నిఘంటువు కంటే ముందు చదరంగం బల్ల మీద చూపించాలి.

పైచేయి కోసం ఆట మొదట్లోనే పావును ఎరవేసే 'గ్యాంబిట్' మూలం కాలు అడ్డం పెట్టి పడేయడం అనే అర్థమున్న ఇటాలియన్ మాట. క్వీన్స్ గ్యాంబిట్‌లో తెల్లవాళ్లు బంటును డి4 గడికి జరుపుతారు (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస), నల్లవాళ్లు డి5కి, ఆపైన తెల్లవాళ్లు సి4 బంటును ఎరగా పెడతారు. మాటల్లో 'ఓపెనింగ్ గ్యాంబిట్' అంటే పైచేయి కోసం వేసే తొలి ఎత్తు. పోగొట్టుకునేదేమీ లేని ప్రతిపాదనను గ్యాంబిట్ అనకపోతేనే మాటకు బలం.

మనకు 'పావు' ఏ కాయైనా కావచ్చు. ఇంగ్లీషు 'పాన్' మాత్రం బంటే, కాలిబంటు అన్న అర్థంలోంచే వచ్చింది. ఎవరినైనా పాన్ అంటే ఇతరుల చేతిలో కీలుబొమ్మ అన్నట్టే. తాకట్టు కొట్టు మీద కనిపించే పాన్ వేరే మాట.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది 'స్టేల్‌మేట్'. నల్లరాజును ఏ8 మూలలో ఒంటరిగా నిలబెట్టండి. తెల్లమంత్రిని బి6లో పెట్టండి. తెల్లరాజు ఎక్కడో దూరంగా ఉన్నాడు. ఇప్పుడు ఎత్తు నల్లవాళ్లది. రాజు మీద దాడి లేదు. కానీ ఏ7, బి7, బి8 మూడు గళ్లూ మంత్రి కనుసన్నల్లోనే ఉన్నాయి. కదలడానికి చోటు లేదు, కాబట్టి ఆట డ్రా. మంత్రి బలంతో గెలవాల్సిన తెల్లవాళ్లకు దక్కేది అర పాయింటే. మూలనున్న రాజుకు గుర్రపుగెంతు దూరంలో మంత్రిని పెట్టడమే పొరపాటు.

బల్ల మీద స్టేల్‌మేట్‌తో ఆట ముగుస్తుంది. వార్తల్లో, ఆఫీసుల్లో మాత్రం చర్చలు ఎటూ కదలకుండా ఆగిపోయాయని అర్థం, మన ప్రతిష్టంభన లాగా. 'బ్రేక్ ద స్టేల్‌మేట్' అనడం బయట సహజమే, బల్ల మీద అసాధ్యం. ఓడిపోయామని చెప్పడానికి ఈ మాట వాడితే రెండుచోట్లా తప్పే.

ఆదివారం తెలుగు తరగతికి ఒక బల్ల, ఆ మూడు పావులు తీసుకెళ్లండి. నల్లరాజును కదపమని పిల్లలను అడిగి, వాళ్లంతట వాళ్లే దారి లేదని చెప్పేదాకా ఆగండి. ఆ తర్వాత 'స్టేల్‌మేట్' అన్న మాట చెప్పండి.