చుక్కను నిలిపేది షట్టరా, మెరుపా?

(వంటింటి గట్టు మీద నల్ల పళ్లెంలో పలుచగా పోసిన పాలు. దానికి 40 సెంటీమీటర్ల ఎత్తున, కిటికీ కమ్మీకి వేలాడుతున్న సెలైన్ గొట్టం. చుక్క పడినప్పుడు లేచే పాల కిరీటాన్ని ఫోటో తీయాలని మేనకోడలి పట్టుదల. ఒకప్పుడు స్టూడియో నడిపిన మేనమామ తన పాత ఫ్లాష్‌తో వచ్చి, దీపాలన్నీ ఆర్పి, దాని మెరుపులో తీద్దామన్నాడు.)

మేనకోడలు: మామయ్యా, దీపాలన్నీ ఆర్పవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. నా ఫోన్‌లో 1/8000 సెకను షట్టర్ వేగం ఉంది. అంతలో చుక్క ఎంత దూరం పోగలదు?

మేనమామ: లెక్క వేద్దాం అమ్మాయీ. ఇంత ఎత్తు నుంచి జారిన చుక్క పాలను తాకే వేళకు సెకనుకు సుమారు 2.8 మీటర్ల వేగం అందుకుంటుంది. 1/1000 సెకనులో దాదాపు 3 మిల్లీమీటర్లు కదులుతుంది కనుక అంచు అలుక్కుపోతుంది. నీ 1/8000లో ఆ కదలిక 0.35 మిల్లీమీటరే, అంతవరకు నీ మాట ఒప్పుకుంటాను. అయితే ఈ ట్యూబ్‌లైటు కింద ఆ వేగం పెడితే బొమ్మ నల్లబడుతుంది, ఐఎస్ఓ, అంటే వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి, పెంచితే బొమ్మ ఇసుక చల్లినట్టవుతుంది. పైగా ఫోన్ సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా కాక, వరుస తరువాత వరుసగా చదువుతుంది. తిరిగే ఫ్యాన్ రెక్కలు నీ ఫోన్‌లో కొడవళ్లలా వంగి కనిపించేది అందుకే.

మేనకోడలు: వెలుతురు చాలకపోతే డాబా మీద ఎండలో తీస్తాను. సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీస్తే కిరీటం లేచి కూలే వరకు ఎన్నో బొమ్మలు దొరుకుతాయి. మీ పద్ధతిలో మెరుపుకు ఒక్కటే బొమ్మ. చుక్క పడటానికి 0.3 సెకనైనా పట్టదు, కన్ను చూసి వేలు కదలడానికే సుమారు 0.2 సెకను పోతుంది. ఇది లాటరీ కాదా?

మేనమామ: లాటరీయే, కాదనను. పాల కిరీటాల వెంట 1930లలోనే పడిన, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్, పేరు మోసిన ఆ రంగుల చిత్రాన్ని తీసింది 1957లో. కానీ వీడియో ఫ్రేములో దొరికేది చిన్న బొమ్మ. గోడకు తగిలించే బొమ్మ కావాలంటే వెలుగే క్షణికంగా ఉండాలి. 1851లో ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన ఇంగ్లండు వాడు టాల్బట్ తిరిగే చక్రానికి వార్తాపత్రిక అంటించి, చీకట్లో ఒక్క విద్యుత్ మెరుపుతో అక్షరాలు చదవగలిగేలా ఫోటో తీశాడు. షట్టర్ తెరిచే ఉంది, చీకటే దానికి మూత.

మేనకోడలు: మరి ఫ్లాష్ కూడా కొంతసేపు వెలుగుతుంది కదా?

మేనమామ: అసలు కిటుకు అక్కడే ఉంది. పూర్తి శక్తితో పేలిస్తే వెలుగు 1/1000 సెకను దాకా సాగవచ్చు. శక్తిని 1/32కు తగ్గిస్తే వెలుగు త్వరగా తెగిపోయి, ఆ కాలం 1/10000 సెకనుకు, అంతకన్నా దిగువకు చేరుతుంది. అందుకే ఫ్లాష్‌ను తగ్గించి పళ్లేనికి దగ్గరగా పెడతాం. కొత్తవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు.

మేనకోడలు: నా ఫోన్‌కు మీ ఫ్లాష్ తగిలించే వీలే లేదు.

మేనమామ: తగిలించనక్కరలేదు. షట్టర్ వేగాన్ని మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో షట్టర్ 2 సెకన్లు తెరిచి ఉంచు, ఆలోగా నేను ఫ్లాష్ మీది టెస్ట్ బటన్ నొక్కి మెరిపిస్తాను.

(ఆమె చుక్క పడే చోట పెన్సిల్ నిలబెట్టి, దాని మొన మీద ఫోకస్ లాక్ చేసి, పెన్సిల్ తీసేసింది.)

మేనకోడలు: అలాగైతే ఆ ఫ్రిజ్ మీది ఎర్ర దీపానికి గుడ్డ కప్పండి మామయ్యా. బొమ్మ బాగా వస్తే మాత్రం, తీసింది నా ఫోనే.