స్ట్రోక్ వస్తే మెదడు బొమ్మ తీశారు సరే, చెంచాడు నీళ్లు తాగించి చూశారా?

అన్నం తింటూ పొలమారితే మన ఇళ్లల్లో నెత్తిమీద తట్టి ఎవరో తలుచుకుంటున్నారు అంటాం. పక్షవాతం వచ్చిన మనిషికి పొలమారితే మాత్రం నీళ్లో జావో ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నట్టే లెక్క, కొందరికైతే దగ్గు కూడా రాదు, చప్పుడు లేకుండా దిగిపోయి నాలుగు రోజులకి నిమోనియాగా తేల్తుంది. స్ట్రోక్ వచ్చిన కొత్తల్లో అటూఇటూగా సగం మందికి ఈ బాధ ఉంటుంది.

మెదడులో దెబ్బ తగిలింది ఒక పక్కే కదా, మరి గొంతు మొత్తం ఎందుకు మొరాయిస్తుంది? దీనికి జవాబు దొరికిన తీరు నాకు భలే ఇష్టం. 1996లో ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్‌లో షహీన్ హమ్‌దీ టీమ్ తలమీద అయస్కాంతపు కాయిల్ పెట్టి, మింగే కండరాలని మెదడులో ఏ భాగం నడుపుతోందో మ్యాప్ గీసింది. రెండు పక్కలా ఉంది, కానీ సమానంగా లేదు, ఒకరికి కుడి పెద్దది, ఇంకొకరికి ఎడమ, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అన్నదానితో సంబంధమే లేదు. ఆ పెద్ద పక్క దెబ్బతింటే మింగుడు పోతుంది. 1998లో ఇంకో మెట్టు ఎక్కారు, మళ్లీ మింగగలిగినవాళ్లని చూస్తే దెబ్బతిన్న పక్క పెద్దగా మారలేదు, బాగున్న పక్కే తన మ్యాప్ పెంచుకుంది. పెద్దోడు మంచాన పడితే చిన్నోడు ఇల్లు మోసినట్టన్నమాట! తర్వాత మెదడు పనిచేస్తుండగా బొమ్మ తీసే ఎఫ్ఎంఆర్ఐ, పెట్ స్కాన్లతో చూస్తే ఇన్సులా (మెదడు మడతల లోపల దాగున్న భాగం), చిన్నమెదడు కూడా ఇందులో ఉన్నాయని తేలింది (మింగితే తల కదులుతుంది, తల కదిలితే ఎఫ్ఎంఆర్ఐ బొమ్మ చెడుతుంది, అదో తిప్పలు).

స్కాన్ దండగ అనట్లేదు. రక్తం గడ్డకట్టిందా నాళం చిట్లిందా తెలియకుండా మందు వెయ్యలేరు, దెబ్బ మెడుల్లాలో (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) పడితే మింగుడు గట్టిగా దెబ్బతినొచ్చని ముందే జాగ్రత్తపడొచ్చు. ఒప్పుకున్నా.

కానీ రిపోర్టులో దెబ్బ చిన్నది అని రాసుంటే గొంతు బాగున్నట్టు కాదు కదా, అది తేలాలంటే మంచం పక్కన కూర్చుని చెంచాతో నీళ్లిచ్చి, దగ్గు వచ్చిందా, గొంతు గరగరలాడిందా అని వినే మనిషి కావాలి. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ యూనిట్లని (ఆస్పత్రుల్లో పక్షవాతానికి విడిగా ఉండే వార్డులు) రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టులోని నర్సులకి మూడే పనులు అప్పగించారు, జ్వరం, షుగర్, మింగుడు చూసుకోండని. 2011లో వచ్చిన ఫలితం ఏంటంటే, 90 రోజులకి చనిపోయినవాళ్లూ ఇంకొకరి మీద ఆధారపడినవాళ్లూ కలిపి మామూలు యూనిట్లలో 58 శాతం, వీళ్ల దగ్గర 42. కొత్త మిషన్ ఒక్కటి కూడా కొనలేదు.

మన దగ్గర రోగమంటే ఫిల్మే. ఎంఆర్ఐ కవరు చంకలో పెట్టుకుని ఊరూరా తిరుగుతాం, అందులో ఏముందో చెప్పినందుకు డబ్బులు కడతాం, అదే మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్ట్ అంటే "నత్తికి చూపించేవాళ్లు కదా" అంటాం. ఆస్పత్రి బోర్డు మీద మిషన్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, థెరపిస్ట్ పేరు ఎక్కడన్నా చూశారా? మిషన్‌కి బిల్లు వేయొచ్చు, అరగంట కూర్చుని మింగించినదానికి ఎంత వెయ్యాలో ఎవరికీ తెలీదు, అసలు తగాదా అక్కడే ఉంది. ఈలోగా వార్డులో ఇంటివాళ్లు పేషెంట్‌ని పడుకోబెట్టే పాపం ప్రేమకొద్దీ గ్లాసుతో కొబ్బరినీళ్లు పోస్తుంటారు, వద్దని చెప్పేవాళ్లు ఉండరు.