మా క్లాసు మీద పరిశోధన చేస్తారు, మాతో మాత్రం మాట్లాడరు!

ఇవాళ మా బడికి ఒక సర్వే టీమ్ వచ్చి వెళ్లింది. ఇంటికొచ్చి కూడా కోపం తగ్గట్లేదు, అందుకే రాస్తున్నా.

ఏదో యూనివర్సిటీ స్టడీ. మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే వరండాలోకి పిలిచి, ట్యాబ్‌లో టైమర్ పెట్టి చదివించారు. తండా నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉంది. ఇంట్లో లంబాడీయే, తెలుగు బడికొచ్చాకే నేర్చుకుంది. గుణింతాలన్నీ వచ్చు. ఒత్తు కనబడితే మాత్రం ఆగి, పెదాలు కదుపుతూ లోపల కూడబలుక్కుని, అప్పుడు పైకి చదువుతుంది. ఇవాళ 'కొత్త' దగ్గర అలాగే వేలు పెట్టి ఆగింది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా, ఈలోపే ట్యాబ్ పట్టుకున్న సర్వే అబ్బాయి "నెక్స్ట్" అని తప్పు కింద నొక్కేశాడు. ఆ పిల్ల ఎక్కడ ఎందుకు ఆగుతుందో నన్నడిగితే చెప్పేదాన్ని కదా! నా దగ్గరికి వచ్చింది సంతకం కోసమే.

"రిజల్ట్ మాకు కూడా పంపుతారా బాబూ?" అంటే, "అది మా చేతుల్లో లేదు మేడమ్" అన్నాడు. అతని మీద నాకేం కోపం లేదు, పొట్టకూటి కోసం ఎండలో బడులు తిరుగుతున్నాడు పాపం. కోపమంతా పైన కూర్చుని ఆ పరీక్ష తయారు చేసినవాళ్ల మీద. రేపు దాన్నే పీపీటీ చేసి కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే మీటింగ్) మాకే వేసి చూపిస్తారు, మీ పిల్లలకు చదవడం రాదని. ఎందుకు రావట్లేదో, ఏం చేస్తే వస్తుందో అందులో ఒక్క ముక్క ఉండదు.

టీచర్లూ పరిశోధకులూ కలిసి పనిచేయడం కుదరదని ఎవరూ అనకండి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో చేసి చూపించారు. 1972లో 16 పల్లెటూరి బడులతో సైన్స్ కార్యక్రమం మొదలుపెట్టారు. ఢిల్లీ యూనివర్సిటీ నుంచి, ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి టీచర్లతో పాటు కూర్చుని ప్రయోగాలు చేశారు. నెలనెలా జరిగే మీటింగుల్లో టీచర్లు చెప్పిన ఇబ్బందుల్ని బట్టి పాఠాలు తిరగరాశారు. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి ఆ పని అందుకుంది, వెయ్యి బడుల దాకా తీసుకెళ్లింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. టీచరుకి కూడా బుర్ర ఉంటుందని నమ్మి ముప్పై ఏళ్లు నిలబెట్టిన పని అది!

అసలు మమ్మల్ని లెక్కలు రాసిచ్చే చేతుల్లాగే చూడటం అందరికీ అలవాటైపోయింది. జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అయినా 2024 నవంబరులో ఇంటింటి సర్వేకి తెలంగాణలో ప్రైమరీ టీచర్లనే తిప్పారు, పిల్లలకు ఒంటిపూట బడి పెట్టి మరీ. అప్పుడు మా పిల్లల చదువు ఎవరికీ గుర్తురాలేదు. ఇప్పుడు టైమర్ పట్టుకుని వస్తున్నారు.

1986 విద్యా విధానం తర్వాత జిల్లాకొక డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) పెట్టింది దేనికి? టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి, జిల్లాలోనే బడుల మీద పరిశోధన చేయడానికి. ఏళ్ల తరబడి అక్కడ పోస్టులు ఖాళీగా పెట్టారు. ముందు అవి నింపండి. ఆ లెక్చరర్లను నెలకో రోజైనా మా క్లాసులో, మా పక్కన కూర్చోబెట్టండి. ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలో మమ్మల్ని కూడా చెప్పనివ్వండి. వచ్చిన ఫలితం పరిశోధన పత్రంలో వేసే ముందు మాకు చూపించండి, రాసినవాళ్లలో టీచరు పేరు కూడా పెట్టండి.